ముసలమ్మ ఇంకా లోపలే ఉంది

నాకు రూల్స్ పుస్తకాలంటే పిచ్చి. లెక్కల టీచర్ని కావడం వల్లనేమో, ఏ ఆటైనా ఆడటం కంటే దాని నియమాలు చదవడంలోనే నాకు ఎక్కువ సుఖం. క్యారమ్స్‌లో ఎర్రకాయ పడ్డాక ఫాలో పడకపోతే ఏం చేయాలని చిన్నప్పుడు మా అక్కతో రోజూ కొట్లాట. పెద్దయ్యాక అక్క మొగుడితో, అంటే మా బావతో, ఒక గుహ గురించి కొట్లాడాను. నిజం గుహ కాదు, ఆటలో గుహ. ఆ కొట్లాటలో బావే గెలిచాడు. ఇప్పుడు బావ లేడు. ఆయన ఆటలో ఆడించిన ముసలమ్మ మాత్రం ఆ గుహలోనే ఉండిపోయింది. ఆమెను బయటికి తేలేకపోయామన్న బాధ నన్ను ఇంకా వదల్లేదు. లేని మనిషి కోసం ఇంత దిగులేమిటని మా ఆయన అడుగుతాడు.

ఆ ఆట నాకు హైదరాబాద్‌లో బీఎడ్ చదివేటప్పుడు హాస్టల్లో అంటుకుంది. కాయలు జరిపే ఆట కాదు, కూర్చుని కథ అల్లుకునే ఆట. ఒకరు కథ నడుపుతారు. ఒక రాజ్యం, ఒక కొండ, అందులో భూతాలు, దొంగలు, అందరి మాటలూ ఆ ఒక్కరే మాట్లాడతారు. మిగతావాళ్ళు తలా ఒక మనిషిని తీసుకుంటారు. “ముందు రెండు దారులున్నాయి, ఎటు పోతారు?” అని కథ నడిపే మనిషి అడిగితే వాళ్ళు తేల్చుకోవాలి. చేయబోయే పని కష్టమైనదైతే పాచికలు వేయాలి. పాచిక ఏమంటే అదే జరుగుతుంది. గెలవడం, ఓడటం లేవు. ఒక ఆదివారం మొదలైన కథ ఏళ్ళ తరబడి సాగొచ్చు.

నాకు పినపాక దగ్గర బళ్ళో పోస్టింగ్ వచ్చేనాటికి అక్కా బావా మణుగూరులో, కంపెనీ క్వార్టర్లో ఉండేవాళ్ళు. బావ అండర్‌గ్రౌండ్ బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మా ఆయన ఆర్టీసీ కండక్టర్. ఆదివారం వస్తే భద్రాచలం బస్సులు కిటకిటలాడతాయి గనుక ఆయన ఆ రోజు సెలవన్నది ఎరగడు. ఒక్కదాన్నే ఇంట్లో కూర్చోలేక అక్క దగ్గరికి పోయేదాన్ని. మా బళ్ళో తెలుగు చెప్పే టీచరమ్మను కూడా వెంట లాక్కుపోయేదాన్ని. ఆమెది ఆ పక్కనే అడవి అంచున ఒక గూడెం. మేం నలుగురం అయ్యాం కదా, ఇక ఆట మొదలుపెడదామని నాకు బుర్రలో పురుగు తొలిచింది.

మొదట తెచ్చింది లావు పుస్తకం. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మణుగూరు జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి బైండింగ్ చేయించాను. ఎవరు ఎన్ని అడుగులు దూకగలరు, తడిసిన తాడు ఎంత బరువు మోస్తుంది, మంత్రం వేయడానికి ఎంతసేపు పడుతుంది, అన్నీ ఉన్నాయందులో. చదువుతుంటే నాకు పండగ.

బావ దాన్ని చేత్తో తూకం వేసినట్టు పట్టుకుని చూశాడు. “గిదేంది మరదలా, మా బాయి సేఫ్టీ పుస్తకం గూడ గింత లావుండదు.”

ఆ ఆదివారమంతా ఎవరు ఏ మనిషిని ఆడాలో, ఆ మనిషికి ఏమేం వచ్చో నింపడంతోనే సరిపోయింది. పొద్దు వాలుతుంటే అక్క ఆవలించి అడిగింది. “ఆడుడు ఎప్పుడు షురూ అయితదే?”

“ఇది కూడా ఆటేనే అక్కా.”

“గిదా? రేషన్ కార్డు దరఖాస్తు లెక్కుంది.”

లావు పుస్తకం ఆ రోజే మూలకు పోయింది. తర్వాత సన్న పుస్తకాలు వెతికాను. ఒకదాంట్లో అంతా మాటలే, పాచికలు లేవు. బావ ఒప్పుకోలేదు, అదృష్టం లేని ఆట ఆటే కాదన్నాడు. ఇంకోదాంట్లో పాచికలు ఎక్కువై కథ కనిపించలేదు. చివరికి నాలుగు పేజీల పుస్తకం ఒకటి దొరికింది. మనిషికి మూడే గుణాలు. వాటికి నేనే తెలుగులో పేర్లు పెట్టాను: బలం, చురుకు, నోరు. ఉన్న పాయింట్లు ఆ మూడింటికీ పంచుకోవాలి.

“మీ అక్కకు మొత్తం నోరుకే ఏసెయ్యి” అన్నాడు బావ.

అక్క ఆయనవైపు ఒక చూపు చూసి పాయింట్లన్నీ బలానికే పెట్టింది. గండ్రగొడ్డలి పట్టుకున్న ఆరడుగుల మనిషి, నోట మాట రాదు, కొట్టడమొక్కటే తెలుసు. టీచరమ్మ అడుగుజాడలు చదివే వేటకత్తె అయింది. బావ ఏ వీరుడినో తీసుకుంటాడనుకున్నాం. ఆయన చేపలు పట్టే ముసలమ్మను తీసుకున్నాడు. భుజాన వల, నోట్లో చుట్ట, నోరు మాత్రం ఆకాశమంత. ఆ ముసలమ్మ గొంతు తీసి ఆయన మాట్లాడుతుంటే పక్క క్వార్టర్‌వాళ్ళు కిటికీలో నుంచి తొంగిచూసేవాళ్ళు.

లావు పుస్తకమూ సన్న పుస్తకాలూ అన్నీ ఒప్పుకున్న నియమం ఒక్కటుంది. కథ నడిపే మనిషి ఊళ్ళోవాళ్ళందరి మాటా మాట్లాడొచ్చు గాని, ఆడేవాళ్ళ మనుషుల మాట మాత్రం మాట్లాడకూడదు. ముసలమ్మ ఏమంటుందో బావే అనాలి. నేను అనకూడదు. అప్పట్లో ఇది మరీ తేలికైన నియమంలా కనిపించింది. బావ నోరు ఆగితే కదా నాకు ఆ అవసరం.

పాచికల దగ్గర కూడా పేచీ పడ్డాం. ఇరవై ముఖాల పాచిక ఆన్‌లైన్లో తెప్పించాను, రంగురాళ్ళలా ముచ్చటగా ఉంది. అక్క వేసిన ప్రతిసారీ అది దొర్లి మంచం కిందికి పోయేది. “గుండ్రంగ ఉన్నది యాడ ఆగుతదే” అని విసుక్కుని అక్క వంటింట్లో నుంచి చింతపిక్కలు తెచ్చి, ఒక పక్క తెల్లగా అయ్యేదాకా బండకు రుద్దింది. నాలుగు పిక్కలు విసిరితే ఎన్ని తెల్లగా పడితే అంత. ఎన్నోసార్లు విసిరి చూశాను. రెండు పడటం మామూలు, నాలుగూ పడటం అరుదు. అరుదైనది నిజంగా అరుదుగా ఉంటేనే ఆట బాగుంటుంది. పటం గీయడానికి కూడా కాగితాలు మానేశాం. నేను గుహ ఎలా ఉందో చెబుతుంటే అక్క వరండాలో షాబాద్ బండల మీద ముగ్గుతో దార్లు గీసేది. ఒక్క గీత వంకర పోయేది కాదు. మా ఆటకు కుదిరిన సామానంతా చివరికి అక్క వంటింట్లోనే దొరికింది.

కథ నాది. ఒక రాజ్యంలో ఏరు మాయమైంది. ఎవరో దాన్ని కొండకిందికి మళ్ళించుకుపోయారు. ఏరు లేక ముసలమ్మకు పని పోయింది. ముగ్గురూ ఆ ఏటిని వెతుక్కుంటూ కొండలో గుహ దిగుతారు. మొదటిసారి దిగిన రోజు వాళ్ళు మధ్యలో ఉండగా పినపాక ఆఖరి ఆటోకు టైమైంది. రాళ్ళ వెనక ఏదో కదిలిన చప్పుడు దగ్గర కథ ఆపాను. “మిగతాది వచ్చే ఆదివారం” అన్నాను. టీచరమ్మ అబ్బా అని తల పట్టుకుంది. అలా తల పట్టుకోవాలనే నేను అక్కడ ఆపింది. పుస్తకాలన్నీ అలాగే ఆపమంటాయి.

బావ లేవలేదు. “వచ్చే ఆదివారం దాంక ఈళ్ళు లోపట్నే ఉంటరా?”

“ఆట బావా. అక్కడ టైం నడవదు.”

“నడవకపోతే ఏంది? లోపట మనుషులుండంగ షిఫ్ట్ బందు జేసి ఇంటికి పోతరా ఎవరన్న?”

“పుస్తకంలో ఇలాగే ఉంది.”

“పుస్తకం రాసినోడు బాయి దిగలే.”

ఇక మొదలైంది కొట్లాట. సస్పెన్స్ అంటే ఏమిటో నేను చెప్పాను. సస్పెన్స్ అంటే బాయి మీద ఆడోళ్ళు నిలబడి చూసేదని ఆయన చెప్పాడు. అక్క కల్పించుకోలేదు. అలా ఎన్నిసార్లు నిలబడి చూసిందో ఆమెకే తెలుసు. చివరికి నేను తగ్గాను. ముగ్గుగీతల మీద వెనక్కి నడిపించి ముగ్గురినీ గుహ బయట దించేసరికి ఆటో పోయింది. టీచరమ్మా నేనూ బావ బండి మీద ముగ్గురం ఇరుక్కుని పినపాక చేరాం.

మరుసటి ఆదివారానికి వరండా గోడకు ఒక చెక్క వేలాడుతోంది. దానికి నాలుగు మేకులు. సోడామూతలను బండ మీద సాపుగా కొట్టి బెజ్జాలు పెట్టి బావ బిళ్ళలు చేశాడు. ఒకదాని మీద చేప, ఒకదాని మీద గొడ్డలి, ఒకదాని మీద పాదం గీశాడు. బొగ్గుబాయిలో దిగే ప్రతివాడూ లాంప్ రూంలో నెత్తిదీపం తీసుకుని తన బిళ్ళ ఇచ్చి పోతాడట. ఆ బిళ్ళ బోర్డు మీద వేలాడుతున్నంతసేపూ మనిషి లోపల ఉన్నట్టు. పైకొచ్చి దీపం అప్పజెప్పి బిళ్ళ వెనక్కి తీసుకోవాలి. ఒకడి బిళ్ళ ఇంకొకడు తీయడానికి లేదు. బోర్డు మీద బిళ్ళ మిగిలితే వెతకడానికి మనుషులు దిగుతారు. మా ఆటకూ అదే రూల్ అన్నాడు. గుహ దిగేటప్పుడు బిళ్ళ తగిలించాలి, బయటికొచ్చాక ఎవరిది వాళ్ళే తీసుకోవాలి, మేకు మీద బిళ్ళ ఉండగా ఎవరూ ఇంటికి పోకూడదు.

“నాలుగో మేకు ఎవరికి బావా?”

“నీకే. ఓవర్‌మాన్ దిగకుండ షిఫ్ట్ నడుస్తదా?”

ఓవర్‌మాన్ అంటే బాయిలో షిఫ్టును నడిపించే పెద్ద. నా బిళ్ళ మీద ఏ బొమ్మా లేదు. కథ చెప్పేది నేనైతే నేను కూడా దిగాల్సిందేనన్నాడు. అప్పటినుంచి నన్ను ఓవర్‌మాన్ అనే పిలిచేవాడు, చుట్టాల పెళ్ళిలో కూడా, అందరి ముందూ.

ఒప్పుకోవడానికి మనసు రాలేదు గాని, ఆ నియమం వచ్చాకే మా ఆట ఆట అయింది. ఎంత లోపలికి పోతే అంత వెనక్కి రావాలి. దీపంలో నూనె పోవడానికే కాదు, రావడానికి కూడా మిగుల్చుకోవాలి. ఇంకొక్క మలుపు చూద్దామని టీచరమ్మ అంటుంది, వద్దు పొద్దు పోతుందని ముసలమ్మ తిడుతుంది, అక్క గొడ్డలి భుజాన వేసుకుని ఎటంటే అటు సిద్ధం. ఏటి చప్పుడు వినిపించేంత దగ్గరికి పోయి కూడా వెనక్కి తిరిగిన ఆదివారాలున్నాయి. సాయంత్రం బిళ్ళలు తీసుకుని అక్క ఇచ్చిన చాయ్ తాగుతుంటే నిజంగానే ఎక్కడినుంచో క్షేమంగా ఇల్లు చేరినట్టుండేది. అంత సంతోషంగా నేను ఏ ఆదివారమూ గడపలేదు, అంతకు ముందు గాని ఆ తర్వాత గాని.

తర్వాత బావ బాయి మూతపడింది. ఆయన్ను ఎక్కడో ఉత్తరాన, గోదావరి అవతలి ఒడ్డున ఉన్న బాయికి బదిలీ చేశారు. అదే ఏడు టీచరమ్మకు నేలకొండపల్లి వైపు బదిలీ వచ్చింది. క్వార్టర్ ఖాళీ చేసే రోజు బావ గోడ మీది చెక్క ఊడదీసి నా చేతిలో పెట్టాడు. “బోర్డు ఓవర్‌మాన్ కాడనే ఉండాలె.”

ఆట ఆపాలని ఎవరికీ లేదు. ఫోన్లలో ఆడదామని బావే అన్నాడు. అందుకు సాధనాలు వెతికే పని నాకు దొరికింది, మళ్ళీ నాకు పండగ. ఒకటి ఉత్త వీడియో కాల్. ఒకటి పాచికలు వేసి లెక్కలన్నీ తనే తేల్చేది. మూడోది చూడగానే నా మతిపోయింది. పటమంతా కటిక చీకటి, ఎవరి మనిషి ఎక్కడుంటే అక్కడ దీపం వెలుగు గుండ్రంగా పడుతుంది, నడిచేకొద్దీ గుహ కనిపిస్తుంది. ఎక్కడ ఆపినా అక్కడే దానంతటది భద్రంగా దాచిపెడుతుంది. అందరికీ నచ్చింది. అందరికంటే బావకే ఎక్కువ నచ్చింది.

“అచ్చం మా నెత్తిదీపమే పిల్లా! గిట్లనే కనవడతది లోపట.”

ఫోన్ నిలబెట్టే స్టాండు కూడా కొన్నాడు. బిళ్ళల చెక్క మా ముందుగదిలో పెట్టాను. ఆట మొదలయ్యేటప్పుడు ఫోన్ దానివైపు తిప్పి అందరి బిళ్ళలూ నేనే తగిలించేదాన్ని. ఎవరి బిళ్ళ వాళ్ళే అన్న నియమం గుర్తొచ్చి బావ కాసేపు గునిశాడు. “నా చెయ్యి గంత దూరం రాదు గని, నువ్వే తగిలియ్యి. తీసేటప్పుడు మాత్రం నన్నడిగి తియ్యి.”

అలా కొన్ని ఆదివారాలు బాగానే సాగింది. ఒక వానాకాలం, గోదావరి నిండుగా పొర్లుతున్న రోజుల్లో, ముగ్గురూ ఏటి దగ్గరికి చేరారు. ఏటిని బంధించిన రాతితలుపు పైకి లేచింది. దాటుతుండగా కిందికి దిగడం మొదలుపెట్టింది. పాచికల్లో ముసలమ్మకే మంచి సంఖ్య పడింది. వల విసిరి తలుపు గొలుసును పట్టుకుని నిలబెట్టింది. ఆ సందులో నుంచి అక్కా టీచరమ్మా బయటపడి గుహ మూతిదాకా పరుగెత్తారు. వాళ్ళిద్దరి బిళ్ళలూ అడిగి తీశాను.

“మీరు పొండ్రి. నేనొస్త” అన్నాడు బావ, ముసలమ్మ గొంతుతో.

స్క్రీన్ మీద ఆయన మొహం అలాగే బిగుసుకుపోయింది. ఇంట్లో ఫ్యాన్ ఆగింది. పినపాకలో కరెంటు పోయింది, కాసేపటికి సిగ్నల్ కూడా పోయింది. అదే ముసలమ్మ ఆఖరి మాట అని అప్పుడు నాకేం తెలుసు. రేపు కరెంటొస్తుంది, అడుగుదాం అనుకున్నాను.

వాన తెరిపిచ్చి సిగ్నల్ వచ్చాక ఫోన్ తెరిచి చూస్తే ముసలమ్మ అక్కడే ఉంది. చుట్టూ చీకటి, మధ్యలో తన చిన్న వెలుగులో, గొలుసు పట్టుకుని. ఏదీ చెరిగిపోలేదు. చెరిగిపోలేదు గనుక ఎవరికీ తొందర లేకపోయింది. వచ్చే ఆదివారం టీచరమ్మకు ట్రైనింగ్. ఆ తర్వాత బావకు అక్కడ సెలవు ఆదివారం కాకుండా వేరే రోజుకు మారింది. ఆ రోజు నాకు బడి. వరండాలో ముగ్గు మీద ఆడుతుంటే ఆ సాయంత్రం ఎవరమూ కదిలేవాళ్ళం కాదు, దీపం పెట్టుకునైనా ఆమెను తెచ్చేవాళ్ళం. తప్పు ఎవరిదీ కాదు. ఎవరిదైనా అయితే వాళ్ళనైనా తిట్టుకునేదాన్ని. ఆట మానేద్దామని ఒక్కరూ అనలేదు, అది ఆగిపోయిందంతే.

కొన్నేళ్ళకు బావకు ఆయాసం మొదలైంది. కంపెనీ డాక్టర్లు బాయి పనికి అన్‌ఫిట్ అని రాసి ఇంటికి పంపారు. అక్కా బావా మణుగూరు వచ్చి చిన్న ఇల్లు కిరాయికి తీసుకున్నారు. నాకు ఒక్కటే ఆలోచన. ఆయన పూర్తిగా మంచం పట్టకముందే ముసలమ్మను బయటికి తేవాలి. టీచరమ్మకు ఫోన్ చేశాను. ఆమెకు పాలు తాగే బిడ్డ, రాలేనంది. “ఆమె బయటికి రాంగనే నాకు చెప్పండి మేడం, ఎన్నింటికైనా సరే” అంది.

ఒక మధ్యాహ్నం చెక్క సంచిలో పెట్టుకుని పోయాను. బావ మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు, చిక్కిపోయాడు. చెక్క చూసి కళ్ళు పెద్దవి చేశాడు. అక్క ముగ్గు డబ్బా తెచ్చి మంచం పక్కన నేలమీద గుహ గీసింది. అన్నేళ్ళయినా ప్రతి మలుపూ గుర్తుంది ఆమెకు.

బయటికి దారి ముందే తేలిక చేసిపెట్టుకున్నాను. తలుపు కింద ఒక రాయి ఇరుక్కుంటుంది, ముసలమ్మ గొలుసు వదలొచ్చు. పిక్కలు విసిరాడు. రెండు తెల్లవి పడ్డాయి, చాలు. దారిలో ఒక దయ్యం ఎదురైతే దాన్ని ముసలమ్మ తిట్టిన తిట్లకు అక్క కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. గొంతు బొంగురుపోయింది, మధ్యమధ్య దగ్గు. అయినా ఆమే, అదే ముసలమ్మ. గుహ మూతి దాకా వచ్చింది. బయట వెలుతురు కనిపిస్తోందని చెప్పాను. ఒక్క అడుగు, ఆ అడుగుకు పిక్కలు కూడా అక్కర్లేదు.

“ముసల్ది రాదు” అన్నాడు బావ.

“అదేంటి బావా?”

“రాదు. ఎనకకు పోతది. గొలుసు కాడికే.”

నాకు కోపమొచ్చింది. పినపాక నుంచి చెక్క మోసుకొచ్చాను, ఆయనకు ఏమన్నా అయ్యేలోగా ఇది ముగించాలని నా ఆరాటం. ఆ సంగతి పైకి అనలేను. “లోపల మనిషిని వదిలేసి ఇంటికి పోకూడదని రూల్ పెట్టింది నువ్వే కదా!” అని అరిచాను.

“అవ్, పెట్టిన. ఎవరి బిళ్ళ ఆళ్ళే తియ్యాలె అని గూడ పెట్టిన. నేను తియ్య. గంతే.” అని నవ్వబోయి దగ్గాడు. అక్క నీళ్ళు తాగించింది. దగ్గు తగ్గాక మెల్లగా చెప్పాడు.

“మా బాయి మూసిన దినం ఆఖరి షిఫ్ట్ నాదే. పైకొచ్చి బిళ్ళ తీస్కున్న. తిరిగి చూస్తే బోర్డు మొత్తం ఖాళీ. నేను కొలువుల చేరిన కాడ్నుంచి గట్ల ఎన్నడు జూడలే పిల్లా. ఒక షిఫ్ట్ ఎక్కుతుంటే ఇంకో షిఫ్ట్ దిగుతది, బోర్డు మీద ఎవలో ఒకలుంటరు. ఆ దినం ఎవ్వలు లేరు. అందరం మంచిగనే ఒడ్డుకొచ్చినం. లాంప్ రూమోడు లైటు బందు జేసి తాళమేసిండు. నాకు ఏడుపాగలే.” కాసేపు ఊపిరి తీసుకున్నాడు. “ఒక్క బిళ్ళున్నా తాళమెయ్యడు. అందుకే ముసల్దాన్ని ఉండనీ.”

బోర్డు ఖాళీ కావడమే క్షేమం అని అన్నేళ్ళూ నేననుకున్నాను. నియమం చేసిన మనిషికి అది అలా కనిపించడం మానేసి ఎన్నాళ్ళయిందో నాకు తెలియనే తెలియదు. అక్క లేచి వంటింట్లోకి పోయింది. నేను నా బిళ్ళ తీసుకుని చెక్క మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను. టీచరమ్మకు ఆ రోజు ఫోన్ చేయలేదు.

చలికాలం దాటకుండానే బావ పోయాడు.

దినాలన్నీ అయిపోయి వేసవి వచ్చాక, ఒక ఆదివారం అక్క ఒక్కతే పినపాక వచ్చింది. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. చాయ్ తాగింది. ముందుగది గోడకున్న చెక్క దగ్గరికి పోయి చేపబొమ్మ బిళ్ళను చూస్తూ నిలబడింది. దాన్ని ముట్టుకోలేదు. మిగతా బిళ్ళలు దాచిన కింది డబ్బాలో వెతికి గొడ్డలి బిళ్ళ తీసి తన మేకుకు తగిలించింది.

“నేను లోపటికి పోతున్న. మీ బావ బిళ్ళ ఉంది గదా మేకుకు. బిళ్ళుంటే దేవులాడనీకి దిగాలె” అంది. “నీది గూడ తగిలియ్యి. నువ్వు లేకుంటే దారెవరు చెప్తరు?”

బొమ్మ లేని నా బిళ్ళ తగిలించాను. అక్క కొంగుముడి విప్పి చింతపిక్కలు తీసింది, అవే పాతవి. ముగ్గు గీయలేదు, నేల మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. గుహ మూతి, మొదటి మలుపు, కూలిన మెట్లు, దయ్యం కాపలా ఉన్న చోటు. ఆరడుగుల మనిషి గొడ్డలి పట్టుకుని నడుస్తూనే ఉంది. ఏటి చప్పుడు వినిపించే చోటికి చేరింది. అన్నేళ్ళ ఆటలో ఆ మనిషి ఒక్క మాట మాట్లాడలేదు, నోటికి ఒక్క పాయింటూ లేదు మరి. ఆ రోజు మాట్లాడింది.

“ఓ ముసల్దానా! యాడున్నవే?”

అక్క కళ్ళు తెరిచి నావైపు చూసింది. ఆ గుహలో అంతకు ముందు ఎవరు పిలిచినా పలికింది నేనే. రాజులకు, భూతాలకు, దొంగలకు, ప్రతిధ్వనికి కూడా నేనే గొంతు ఇచ్చాను. ముసలమ్మ గొంతు నాది కాదు. ఎంత గింజుకున్నా ఒక్క మాట రాలేదు. ఏడుపొచ్చింది, అక్క ముందు దాచుకోలేకపోయాను.

అక్క పిక్కలను గుప్పిట్లోకి తీసుకుంది.

“ఇనవడలేదేమో లే” అంది. “ఇంకొంచెం లోపటికి పోత.”

అని పిక్కలు విసిరింది. అవి బండల మీద చెదిరి ఆగాయి. ఎన్ని తెల్లగా పడ్డాయో నేను లెక్కపెట్టలేదు.